అమ్మ లోపలుంటేనే వైద్యం

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వారాల తరబడి దవాఖానలో ఉండాల్సి వస్తే, తల్లిదండ్రుల చోటు తలుపు బయట కాదు, బిడ్డ పక్కన. వికారాబాద్, తాండూరు కుటుంబాల కోసం ఈ కథనం.

వికారాబాద్, తాండూరు పల్లెల్లో బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున తొట్లె వేస్తారు. మేనత్తలొస్తారు, పేరు పెడతారు. నెలలు నిండని బిడ్డకు ఆ రోజు కూడా ఒంటికి వెచ్చదనమిచ్చే వార్మర్ కిందే గడిచిపోతుంది. ముక్కులోనో నోట్లోనో సన్నని గొట్టం, పాదానికి ఎర్రగా వెలిగే తీగ, పక్కన మోగే మానిటర్. ఇంటి దగ్గర చుట్టాలు ‘ఇంకెన్ని రోజులట?’ అని అడుగుతూనే ఉంటారు. తేదీ చెప్పడం డాక్టర్‌కూ సాధ్యం కాదు.

కడుపులో 37 వారాలు పూర్తికాకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని శిశువు అంటారు. 2020లో ప్రపంచమంతటా ఇలా పుట్టినవాళ్లు కోటీ 34 లక్షల మంది. వాళ్లలో 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు. మరే దేశంలోనూ ఇంతమంది లేరు. వీళ్లు బతికి బట్టకట్టడానికి వెచ్చదనం, తల్లిపాలు, ఇన్‌ఫెక్షన్ సోకకుండా కాపలా, అవసరమైతే ఊపిరికి ఆసరా కావాలి. మొదటి మూడింటిలోనూ తల్లి చెయ్యి ఉంటుంది. అమ్మ వచ్చి చూసిపోయే మనిషి కాదు, వైద్యంలో భాగం.

తాండూరు నుంచి నిలోఫర్ దాకా

2016లో రంగారెడ్డి నుంచి విడిపోయి ఏర్పడిన జిల్లా వికారాబాద్. యాలాల, బషీరాబాద్, పెద్దేముల్ పల్లెలకు దగ్గరున్న పెద్ద దిక్కు తాండూరు జిల్లా దవాఖాన. నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా కేంద్రం, అంటే ఎస్‌ఎన్‌సీయూ, అక్కడుంది. వార్మర్లు, ఆక్సిజన్, కామెర్లకు నీలి దీపాలు ఇలాంటి కేంద్రాల్లో ఉంటాయి. ఎక్కువ రోజులు వెంటిలేటర్ మీద ఉండాల్సిన బిడ్డను, ఆపరేషన్ కావాల్సిన బిడ్డను హైదరాబాద్ పంపిస్తారు.

తాండూరు నుంచి రాజధాని వంద కిలోమీటర్ల పైమాటే. సిజేరియన్ కుట్లతో తల్లి ఇక్కడ మంచం మీద, బిడ్డ అక్కడ. మధ్యలో తండ్రి. నాపరాతి గనిలోనో పాలిషింగ్ యూనిట్‌లోనో పనిచేసే మనిషికి, కంది చేలో కూలికెళ్లే మనిషికి పనికి పోని రోజు కూలి లేదు. బిడ్డ దగ్గర ఉంటే పూట గడవదు, పనికి పోతే బిడ్డ కనపడదు.

హైదరాబాద్ పంపే బిడ్డల్లో ఎందరో చేరేది అక్కడి నిలోఫర్ దవాఖానకు. చివరి నిజాం చిన్నకోడలు నిలోఫర్ యువరాణి, తన పరిచారిక కాన్పులో చనిపోతే తల్లడిల్లిపోయింది. ఇంకే తల్లికీ ఆ గతి పట్టొద్దని పట్టుబట్టింది. 1953లో రెడ్‌హిల్స్‌లో ఆమె పేరుతోనే దవాఖాన వెలిసింది.

2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ దవాఖానల్లో జబ్బుపడిన పసిబిడ్డకు వైద్యం, మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. మొదట నెలరోజుల బిడ్డల దాకానే ఉన్న ఈ హక్కును తర్వాత ఏడాది వయసు దాకా పెంచారు. కానీ తల్లికి ఉచిత భోజనం మామూలు కాన్పయితే మూడు రోజులు, సిజేరియన్ అయితే ఏడు రోజులని లెక్కగట్టారు. బిడ్డ నెలన్నర పాటు దవాఖానలోనే ఉంటే ఆ తల్లి ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి? పోయిన కూలికి ఎవరు జవాబు చెప్పాలి?

గుండెల మీది వైద్యం

1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఒకే దాంట్లో ఇద్దరు ముగ్గురు బిడ్డలను పెట్టాల్సి వచ్చేది. ఎడ్గార్ రే అనే పిల్లల డాక్టర్ బిడ్డలను తల్లుల ఛాతీకి ఆనించి గుడ్డతో కట్టించాడు. అదే కంగారూ పద్ధతిగా ప్రపంచమంతా పాకింది.

చాలాకాలం, బిడ్డ కుదుటపడ్డాకే అమ్మకు ఇవ్వాలన్నది వైద్యుల నియమం. భారత్‌తోపాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన పరిశోధన ఆ నియమాన్ని తిరగరాసింది. కిలో నుంచి కిలో 800 గ్రాముల లోపు బిడ్డలను పుట్టిన వెంటనే తల్లి ఛాతీ మీద ఉంచితే మొదటి 28 రోజుల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో తేలింది. బిడ్డలు సగటున రోజుకు 17 గంటలు ఛాతీ మీదే ఉన్నారు. తల్లుల మంచాలు ఇంటెన్సివ్ కేర్ లోపలే వేశారు కాబట్టే అది కుదిరింది. 2022లో ఆ సంస్థ దీన్నే సిఫారసు చేసింది. అంతకుముందే, 2017లో, తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చి ఎస్‌ఎన్‌సీయూలో బిడ్డ సంరక్షణలో కలుపుకోవాలని మన కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది.

కంగారూ పద్ధతిలో బిడ్డకు టోపీ, సాక్సులు, లంగోటీ చాలు. ఛాతీ మీద నిలువుగా, తల ఓ పక్కకు తిప్పి, ముక్కు మూసుకుపోకుండా ఉంచి గుడ్డతో కట్టాలి. అమ్మ అలసిపోతే నాన్న ఛాతీ ఉంది, అమ్మమ్మ ఉంది. నర్సమ్మ దగ్గర ఒక్కసారి నేర్చుకుంటే చాలు.

చుక్క పాలు, గ్రాము బరువు

చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కలిసి కుదిరేది దాదాపు 34 వారాలకు. అందాకా గొట్టంతోనో, చెంచాతోనో పట్టాల్సిందే. బిడ్డ నోరు పెట్టకపోయినా తల్లి రోజుకు ఎనిమిదిసార్లయినా పాలు పిండాలి, లేకపోతే పాలు తగ్గిపోతాయి. తొలిరోజుల ముర్రుపాలు చుక్కలే వచ్చినా పారబోయొద్దు. ఎంత ప్రయత్నించినా పాలు పడని తల్లి సిగ్గుపడాల్సిన పని లేదు. దాతల పాలను శుద్ధిచేసి ఇచ్చే ‘ధాత్రి’ పాల బ్యాంకు నిలోఫర్‌లో ఉంది. ఉగ్గు, తేనె, ఆముదం మాత్రం వద్దు.

మొదటి వారంలో బరువు తగ్గితే బెంబేలెత్తకండి. రెండో వారానికల్లా చాలామంది పుట్టిన బరువుకు చేరుకుంటారు. ‘ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలది బతకదు’ అనే మాటను చుట్టాలు ఇంటి గడప దగ్గరే వదిలేయాలి. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు బలమే.

మరిచిపోకూడని పరీక్ష కంటిది. 34 వారాల లోపు, లేదా రెండు కిలోల లోపు పుట్టిన బిడ్డకు నెలరోజుల్లోగా రెటీనా చూపించాలి. మరీ చిన్న బిడ్డలకు రెండు మూడు వారాలకే. ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోవచ్చు, వేళకు పట్టుకుంటే లేజర్‌తో కాపాడవచ్చు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్యశాల డాక్టర్ సుభద్ర జలాలీ 1990లలోనే ఈ పరీక్షలను నర్సరీల దాకా తీసుకెళ్లారు. డిశ్చార్జి కాగితం మీద ఈ తేదీ రాసి ఉందో లేదో అడిగి చూసుకోండి.

ఇంటికొచ్చాక ఎదుగుదలను ప్రసవం కావాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. రెండు నెలలు ముందొచ్చిన పాప తోటిపిల్లల కంటే ఆ రెండు నెలలు ఆలస్యంగా బోర్లాపడితే అది వెనకబాటు కాదు.

యంత్రంతోపాటు మంచం

ఎస్‌ఎన్‌సీయూ గురించి మాట్లాడినప్పుడల్లా వార్మర్లెన్ని, సిబ్బంది ఎందరు అని అడుగుతాం. తల్లుల మంచాలెన్ని అని కూడా అడగాలి. బిడ్డ ఉన్నన్నాళ్లూ తల్లికి రెండుపూటలా భోజనం, తండ్రికి లోపలికి వెళ్లే హక్కు, బిడ్డను హైదరాబాద్ పంపిస్తే తల్లినీ అదే బండిలోనో మర్నాడో పంపే ఏర్పాటు కావాలి. ఇవి దయతో చేసే పనులు కావు, చికిత్సలో భాగాలని పరిశోధనే తేల్చింది. జిల్లా అధికారులు, ప్రజాప్రతినిధులు తాండూరులో వార్మర్ కొనే ప్రతిసారీ దాని పక్కన తల్లికో మంచం కూడా కొనాలి.