ఆఖరు తేదీ రోజున నీలం తెర

పోయిన జూన్‌లో ఒక సాయంత్రం. పగటి షిఫ్ట్ దిగి ఇంటికొచ్చేసరికి మా పాప లాప్‌టాప్ ముందు కూర్చుని ఏడుస్తోంది. కాలేజీ అప్లికేషన్‌కి ఆ రోజే ఆఖరు తేదీ.

"రీస్టార్ట్ చెయ్యమని వారం నుంచీ అడుగుతోందమ్మా. రోజూ 'తర్వాత' అనే నొక్కాను. ఇవాళ దానంతటదే మొదలెట్టేసింది" అంది.

తెర మీద ముప్పై శాతం అని ఉంది. గంటైనా కదల్లేదు. కరెంటు కూడా అప్పుడే పోవాలా? అది సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, వైరు ఉంటేనే బతుకుతుంది. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే తెరంతా నీలం, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే.

సర్టిఫికెట్లు చేతబట్టుకుని బ్రౌజింగ్ సెంటర్‌కి పరిగెత్తాం. ఆ తమ్ముడు షట్టర్ సగం దించేశాడు. "రాండక్కా" అని మళ్లీ ఎత్తాడు. ఒక్కో కాగితం స్కాన్ చేసి, ఫారం మొదట్నుంచి నింపి, పంపేసరికి రాత్రి పదకొండు. అప్లికేషన్ వెళ్లింది. ఆ నూటయాభై రూపాయలు నేను ఏడవకుండా ఇచ్చిన డబ్బు.

మర్నాడు ఆ తమ్ముణ్నే అడిగాను, ఎందుకిలా అయిందని. "అక్కా, మీరు ఫ్రేమ్‌లో పళ్ల చక్రాలు మారుస్తుంటారు కదా. సగం మార్చి, సగం పాతవి ఉంచి స్విచ్ వేస్తే?" అన్నాడు. నాకు వెంటనే అర్థమైంది. అప్‌డేట్ అంటే కంప్యూటర్ తన లోపలి ముఖ్యమైన ఫైళ్లు తీసి కొత్తవి పెట్టుకోవడం. మధ్యలో కరెంటు పోతే అది పాతదీ కాదు, కొత్తదీ కాదు.

పేదోళ్ల పాత మిషన్‌కే ఈ కష్టం అనుకున్నాను. కాదట. 2024 జూలై 19న పెద్ద పెద్దవాళ్లకే ఇలా జరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా కంపెనీ కంప్యూటర్లకి కాపలా కాసే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. ఆ రోజు మన టైం ప్రకారం ఉదయం 9.39కి ఒక చిన్న అప్‌డేట్ పంపింది. ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో ఆగిపోయాయి. విమానాలు నిలిచాయి, ఆసుపత్రులు, బ్యాంకులు తడబడ్డాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చారు. ఆ ఫొటో మీలో చాలామంది ఫోన్లోకి వచ్చే ఉంటుంది.

తప్పేమిటో తెలిస్తే నవ్వొస్తుంది. ప్రోగ్రాం 21 వివరాలు వెతికింది, దానికి అందింది 20. క్రీల్‌లో ఇరవై బాబిన్లు ఎక్కించి ఇరవై ఒకటో కొస లాగబోయినట్టు. మన దగ్గర ఒక దారం తెగితే సైడర్ వచ్చి అతికిస్తుంది, మిగతావి తిరుగుతూనే ఉంటాయి. కానీ ఆ కాపలా సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ గుండెకాయలో, కెర్నెల్ అంటారు, అక్కడ కూర్చుని ఉంటుంది. అక్కడ కొస తెగితే షెడ్డు మొత్తం ఆగుతుంది. ఇంకా చెడిపోకూడదనే ఆగుతుందట, ఆ నీలం తెర అందుకే. కంపెనీ 78 నిమిషాల్లో తప్పు వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే ఆగిపోయిన వాటిలో చాలావాటి దగ్గరికి మనిషి వెళ్లి ఆ చెడ్డ ఫైల్ తీసెయ్యాల్సి వచ్చింది.

అయితే అప్‌డేటే వద్దందామా అంటే, మా ఆయన అదే అంటాడు, అదీ కుదరదు. 2017 మేలో వానక్రై అనే వైరస్ వచ్చి ఫైళ్లకి తాళమేసి డబ్బులడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకి కూడా తగిలింది. దాన్ని ఆపే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. పాపలాగే వాళ్లూ 'తర్వాత' అని నొక్కి ఉంటారు.

మన వీధుల్లో విండోస్ 10 మిషన్లే ఎక్కువ. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. పాత లాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. కొనేముందు కొట్టువాణ్ని ఇది తప్పక అడగండి. మాటలతో వదలొద్దు, ఎక్కించి చూపించమనండి.

మా సంగతికొస్తే, రిపేర్‌కి ఆరువందలైంది, "ఫార్మాట్ చెయ్యక తప్పదు" అన్నారు. నాకు ఆ మాటకి అర్థం తెలీదు. సరే అన్నాను. లోపల ఉన్నదంతా తుడిచేస్తారని ఇంటికి తెచ్చాక తెలిసింది. మా అత్తమ్మ పోయేముందు రెండు సాయంత్రాలు కూర్చుని చెప్పింది పాప రికార్డు చేసింది. తను పెళ్లై రాజపాళయం వచ్చినప్పటి ఊరు, మిల్లు సైరన్‌కి పొయ్యి వెలిగించుకున్న రోజులు, అన్నీ మన ఇంటి తెలుగులో. ఫోన్లో జాగా చాలదని లాప్‌టాప్‌లోకి మార్చి ఫోన్లోది తీసేసింది. నాలుగువందల రూపాయల పెన్‌డ్రైవ్ కొందామని ఆర్నెల్లుగా అనుకుంటూనే ఉన్నాను.

పాప కాలేజీలో చేరింది. ఇప్పుడు శనివారం రాత్రి, మర్నాడు తొందర లేనప్పుడు, వైరు పెట్టి తనే అప్‌డేట్ వేస్తుంది. ముందు అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంది.

పోయిన నెల మా ఆడపడుచు తన వాట్సాప్‌లో వెతికితే అత్తమ్మ గొంతు రెండు నిమిషాలు దొరికింది. ఆవకాయకి ఉప్పెంత వెయ్యాలో చెబుతూ మధ్యలో ఆగి, "ఏమే, అది తిరుగుతోందా?" అని పాపనడుగుతుంది.