పగులుటయు బీటవారుటయు: వేడిలోహమున చీలిక పెరుగు విధము

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల జనులు చీలికను ఒక్క మాటతో చెప్పరు. కుండ 'పగులును'; గోడ 'బీటవారును'; కోత ముగిసిన నల్లరేగడి చేను వేసవిలో 'నెఱియలు విచ్చును'. మొదటిది క్షణములో ముగియు క్రియ; తక్కిన రెండును కాలముతో జరుగునవి. ఈ భేదము లోహశాస్త్రమునందును ప్రధానమైనదని చూపుటయే మా యుద్దేశము.

సుత్తిదెబ్బకు పోతయినుము పగులుట అందరెఱిగినదే. అధికోష్ణమున లోహము చెడు తీరు వేఱు. భరింపదగిన బరువే యైనను, వేడిమిలో చిరకాలము మోసినచో లోహము మెల్లమెల్లగ సాగును. దీనిని ఆంగ్లమున 'క్రీప్' అందురు. 'పాకుడు' అని తెనిగించినచో డెల్టావాసులకు రేవుమెట్లమీది నాచు స్ఫురించును. కావున 'నిదానపు సాగుదల' యనుట మేలని తలంచుచున్నాము. 1910లో ఆండ్రేడ్ సీసపు తీగలయందు దీనిని పరిశీలించెను. సీసము 327 డిగ్రీల సెంటీగ్రేడునకే కరగును గనుక దానికి గదివేడిమియే అధికోష్ణము. ఇనుము 1538 డిగ్రీలకు గాని కరగదు. అందుచే ఉక్కున నీ సాగుదల సుమారు 400 డిగ్రీలు దాటిన పిదపనే లెక్కింపదగినదగును.

అట్టి వేడిమి యీ సీమకు దూరము కాదు. ఇబ్రహీంపట్నపు థర్మల్ విద్యుత్కేంద్రమునకు గుడివాడ చేరువనున్న కవుతరమునకు చెందిన నార్ల తాతారావుగారి పేరు పెట్టబడినది. అచట 1979లో మొదటి యూనిట్ నడవసాగెను. 210 మెగావాట్ల యట్టి యూనిట్లలో ఆవిరి సుమారు 540 డిగ్రీల వేడితో గొట్టములగుండ టర్బైనును చేరును.

ఉక్కు సూక్ష్మస్ఫటికముల కూర్పు. లాగుడుకు అడ్డముగ నున్న స్ఫటికపు సరిహద్దులయందు మొదట కంటికానని రంధ్రములు పుట్టును. అవి వరుసదీరి, ఒండొంటితో కలసి బీట యగును. బీట మొనయొద్ద లాగుడు మిక్కుటము. అచటి లోహము ముందుగ సాగును. మొనకు ముందు క్రొత్త రంధ్రములు పుట్టును. బీట వానిని కలుపుకొని సాగిపోవును. సాగి యోర్చు గుణ మెంత తక్కువయో, బీట యంత వేగముగ పెరుగును. వెల్డింగు అతుకు ప్రక్కన వేడికి మాఱిన లోహము దీనికి తఱచు లోనగును. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల 2021లో హెలికాప్టరు ఇంజనుకై 60 ఏకస్ఫటికపు టర్బైన్ రెక్కలను సమకూర్చుటలోని మర్మ మిదియే: సరిహద్దులు లేనిచోట అట్టి రంధ్రములకు తావు లేదు.

నేలనెఱియ తొలకరికి పూడును; గొట్టపు బీట తనంత పూడదు. అందువలన భారత బాయిలరు నిబంధనలు లక్ష గంటలు, అనగా ఎడతెగక నడచినచో సుమారు పదకొండున్నర యేండ్లు, అధికోష్ణమున పనిచేసిన బాయిలరు భాగములకు మిగిలిన యాయువును పరీక్షింపవలెనని విధించినవి. గొట్టపు పైభాగమును నునుపుచేసి, ఆమ్లముతో తేర్చి, పలుచని ప్లాస్టిక్ పొరపై దాని యచ్చు తీసి సూక్ష్మదర్శినిలో చూతురు. రంధ్రములు విడివిడిగ నున్నవా, వరుసదీరినవా, బీటయైనవా యనుదానిని బట్టి తరువాతి పరీక్షయో, మరమ్మతో, మార్పో నిర్ణయింతురు. లోపలి బీటలను అతిధ్వని తరంగములతో వెదకుదురు.

పాఠ్యగ్రంథకర్తలకు మా మనవి యొక్కటి. రెండు క్రియలకును 'పగులు' అనియే వ్రాయకుడు. ఆవిరిగొట్టము నేడు పగిలెనని వినుదుము. అది యేండ్ల తరబడి బీటవారుచుండెను. ఆ నడిమి కాలమే పరీక్షకునికి దొరకు నవకాశము. గొట్టము ప్రక్కన పనిచేయు వారి ప్రాణములు దానిపైననే యాధారపడి యున్నవి.