ఆటోను గుర్తుపట్టని కన్ను

డ్రైవర్ అక్కర్లేని కారుకు చూపు నేర్పాలంటే ఫొటోలు కావాలి. ఊరికే ఫొటోలుంటే చాలదు. ప్రతిదాంట్లో ఏది రోడ్డో, ఏది మనిషో, ఏది చెట్టో మనుషులు కూర్చుని హద్దులు గీసి పేర్లు పెట్టాలి. జర్మనీలో కార్ల కంపెనీ డైమ్లర్, మాక్స్ ప్లాంక్ సంస్థ, డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి 2016లో అలాంటి భాండారాన్ని బయటపెట్టాయి. పేరు సిటీస్కేప్స్. 50 నగరాలు తిరిగి తీసిన వాటిలో 5,000 ఫొటోలకు ఈ పని నిశితంగా చేశారు. ఒక్కోదానికి సగటున గంటన్నర పైనే పట్టింది.

ఆ పేర్ల జాబితాలో కారు ఉంది, లారీ ఉంది, ఇల్లులా వాడుకునే కారవాన్ కూడా ఉంది. ఆటో లేదు.

కెమెరా పంపేది రంగు చుక్కల అంకెలను మాత్రమే. న్యూరల్ నెట్‌వర్క్ ఒక్కో చుక్కకూ ఒక పేరు ఊహిస్తుంది. మనుషులు పెట్టిన పేరుతో సరిపోకపోతే తన లోపలి లక్షలాది గుణకాలను కొంచెం కొంచెంగా సవరించుకుంటుంది. చిక్కేమిటంటే, మామూలు పద్ధతిలో దానికి ‘తెలియదు’ అనే జవాబే ఉండదు. ఎన్నడూ చూడని ఆటో ఎదురైతే తెలిసిన పేర్లలోనే ఏదో ఒకటి తగిలించేస్తుంది.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ కలిసి 2018లో మన రోడ్లకే ఒక భాండారం తయారుచేశాయి. ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ దాని పేరు. హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో సాగిన 182 ప్రయాణాల నుంచి 10,000 ఫొటోలు ఏరి, 34 రకాల పేర్లు పెట్టారు. ఆటో చేరింది, జంతువు చేరింది, హోర్డింగూ చేరింది. నన్ను ఆకట్టుకున్నది మాత్రం రోడ్డు అంచు. జర్మనీ నగరంలో రోడ్డు ఎక్కడ ముగుస్తుందో ఫుట్‌పాత్ గట్టు చెప్పేస్తుంది. మన దగ్గర తారు అరిగి అరిగి మట్టిలో కలిసిపోతుంది. ఎదురొచ్చే లారీకి ఆ మట్టిలోకి దిగే దారిస్తాం. అందుకే ఇక్కడ రోడ్డుకు వేరుగా, అవసరమైతే దిగదగిన నేలకు ఒక పేరు, దిగకూడని నేలకు ఇంకో పేరు పెట్టారు. పేర్లను అంతస్తులుగానూ పేర్చారు. అదేం బండో తేలకపోయినా ‘వాహనం’ అని తేలితే చాలు, బ్రేకు వేయొచ్చు.

సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ 2022లో డ్రైవర్ లేని వాహనాల ప్రయోగ ట్రాక్ ప్రారంభించింది. అయినా డ్రైవర్ లేని కారు మన బజార్లలో తిరిగే రోజు దగ్గర్లో ఉందని నేననుకోను. లేకపోతే పెద్ద నష్టమూ లేదు. ఈ చూపుకు ఈలోగా వేరే మంచి పని దొరికింది.

2021లో నాగపూర్‌లో ఐరాస్తే ప్రాజెక్టు మొదలైంది. ట్రిపుల్ ఐటీ, ఇంటెల్, కేంద్ర రహదారి పరిశోధన సంస్థ, మహీంద్రా, అక్కడి నగరపాలక సంస్థ ఇందులో భాగస్వాములు. సిటీ బస్సులకు కెమెరాలు అమర్చారు. తర్వాత తెలంగాణ ఆర్టీసీ బస్సులకూ పెట్టారు. ముందు బండికి మరీ దగ్గరైనా, మనిషి అడ్డొచ్చినా డ్రైవర్‌కు హెచ్చరిక వినిపిస్తుంది. అది ఎక్కడ మోగిందో కూడా నమోదవుతుంది. అసలు సంగతి ఇదే. రోజూ అదే దారిలో తిరిగే బస్సుల్లో అదే మలుపు దగ్గర పదే పదే మోగుతుంటే అక్కడ దీపం లేదో, డివైడర్‌లో సందు ఉందో, బోర్డును కొమ్మ కప్పేసిందో వెళ్లి చూడాలి. పరిశోధకులు ఆ చోటును గ్రే స్పాట్ అంటారు. బ్లాక్ స్పాట్ సంగతి వేరు. జాతీయ రహదారి మీద దాదాపు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో 10 మంది చనిపోవాలి, లేదా ప్రాణం తీసినవో తీవ్రంగా గాయపరిచినవో 5 ప్రమాదాలు జరగాలి. అప్పుడే ఆ ముద్ర పడుతుంది. అంతమంది పోయాక బయటపడే చోటును ఎవరూ పోకముందే పట్టుకోవాలన్నది ఈ ప్రయత్నం.

ఇబ్బందులు లేకపోలేదు. కిక్కిరిసిన రోడ్డు మీద బండికీ బండికీ దూరం పాటించడం కుదరదు. హెచ్చరిక ఆగకుండా మోగుతుంటే డ్రైవర్ దాన్ని పట్టించుకోవడం మానేస్తాడు. కాబట్టి ఎంత దగ్గరైతే మోగాలో మన రద్దీకి తగ్గట్టు సరిచేసుకోవాలి. పైగా కెమెరా ఉన్న బస్సు తిరిగే దారులే నమోదవుతాయి. ఆ బస్సు వెళ్లని ఊళ్లో మలుపు ఎంత ప్రమాదకరమైనా ఈ లెక్కలోకి రాదు.