ఆవకాయ పెట్టెలోకి, ఇన్సులిన్ చేతిసంచిలోకి

ఆగస్టు వచ్చిందంటే అమెరికా వెళ్లే పిల్లలున్న ఇంట్లో తూకాల గోల మొదలవుతుంది. 23 కిలోలు దాటిన పెట్టెను మళ్లీ విప్పుతారు. ఆవకాయ తీయాలా, కందిపొడి తీయాలా? అమ్మకు దేనికీ మనసొప్పదు. ఈ సందట్లో మందుల సంచి ఏ పెట్టెలో పడిందో ఎవరూ అడగరు.

అందులో ఇన్సులిన్ ఉంటే అడిగి తీరాలి. విమానం అడుగున సామాన్ల అరలో చలికి అది గడ్డకట్టవచ్చు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్‌ను ఇక నమ్మలేం. డాక్టరు చీటీతో సహా అది చేతిసంచిలోనే వెళ్లాలి.

సీసా, సిరంజి వాడేవాళ్లకు ఇంకో గండం ఉంది. మన మందుల షాపుల్లో దొరికే సీసాల్లో చాలావాటిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి, వాటికి ఎర్రమూత సిరంజి వాడతాం. అమెరికాలో మామూలుగా ఇచ్చే సీసాలో 100 యూనిట్లు. ఇంటి నుంచి తీసుకెళ్లిన ఎర్రమూత సిరంజితో అక్కడి సీసాలోంచి 10 గీతల దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. షుగర్ పడిపోయి స్పృహ తప్పడానికి అది చాలు. పెన్ను వాడేవాళ్లకు ఈ బాధ తక్కువ.

పేర్లదీ ఇదే తంతు. జ్వరమొచ్చి ఫార్మసీకి వెళితే డోలో ఉండదు, డబ్బాల మీద పారాసెటమాల్ అన్న మాటా కనపడదు. అక్కడ దాన్ని అసిటమినోఫెన్ అంటారు. ఆస్తమా పంపులోని సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్. కంపెనీ పెట్టిన పేరు ఒక్కటే తెలిస్తే సముద్రం దాటాక పనికిరాదు.

ఇక ఇన్సూరెన్స్. యూనివర్సిటీ ప్లాన్ ఖరీదెక్కువని సీనియర్లు చెప్పిన చవక ప్లాన్ తీసుకుంటారు. ముందు నుంచి ఉన్న జబ్బులకు వర్తించదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటే, షుగర్ ఉన్న పిల్లకు అది ఉన్నా లేనట్టే. బ్రిటన్‌కు చదువుకోడానికి వెళ్లేవాళ్లు వీసాతోపాటే ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము కడతారు. కట్టేశాం కదా అని ఊరుకుంటారే గానీ, దిగగానే దగ్గర్లోని జీపీ (స్థానిక డాక్టరు) దగ్గర పేరు నమోదు చేయించుకునేవాళ్లు ఎందరు?

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న ఇంట్లోనే ఒక మాట చెవిలో వేసి పంపుతారు: ‘‘ఎవరికీ చెప్పకమ్మా, రేపు సంబంధాలు చూడాలి.’’ నాకు ఒళ్లు మండేది ఇక్కడే. సంబంధం సంగతి తర్వాత, అర్ధరాత్రి పిల్ల చెమటలు పట్టి తడబడుతుంటే, నిద్రమత్తులో మాట్లాడుతోందనుకుని రూమ్మేటు దుప్పటి కప్పి పడుకుంటే?

నలుగురి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఇన్సులిన్ కనపడితే ‘‘ఇదేంటే?’’ అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడే చెప్పేయాలి: ‘‘నాకు షుగర్. ఎప్పుడైనా తడబడుతుంటే, మింగగలిగితే జ్యూస్ తాగించు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకు, 911కు ఫోన్ చెయ్యి.’’