సమాధికి ఇనుప బోను ఎందుకు?

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో గ్రేఫ్రయర్స్ అనే పాత చర్చి ఉంది. ఆ ఆవరణ 1562 నుంచి శ్మశానం. అక్కడ కొన్ని సమాధుల మీద బరువైన ఇనుప బోనులు కనిపిస్తాయి. లోపలివాళ్లు బయటికి రాకుండానా? కాదు, బయటివాళ్లు లోపల చెయ్యి పెట్టకుండా!

200 ఏళ్ల కిందట ఆ ఊళ్లో వైద్య విద్యార్థులు చాలామంది. శరీరం లోపల ఏముందో తెలియాలంటే శవాన్ని కోసి చూడాలి. చట్టప్రకారం దొరికేవి బహు కొద్ది. అందుకని దొంగలు రాత్రివేళ కొత్త సమాధులు తవ్వి, శవాలను అమ్ముకునేవారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అదెంత కడుపుకోత! అందుకే సమాధి మీద బోను దించి కొన్ని వారాలు ఉంచేవారు. శవం కుళ్లిపోయాక దొంగకు పనికిరాదు. అప్పుడు బోను తీసి ఇంకొకరి సమాధికి వాడేవారు. 1832లో కొత్త చట్టం వచ్చి, వైద్య పాఠశాలలకు శవాలు సక్రమంగా అందడంతో ఆ దొంగతనాలకు తెరపడింది.

స్కాట్లాండ్ పాత సమాధి రాళ్ల మీద పుర్రె, ఇసుక గడియారం కూడా చెక్కి ఉంటాయి. గడియారంలో ఇసుక జారినట్టే ఆయుష్షూ జారిపోతుందని, చదువు రానివాళ్లకూ తెలిసేలా చెప్పే బొమ్మలవి. కమ్మరి సమాధి మీదైతే సుత్తి, దానిపైన కిరీటం!