నిరీక్షణకు హద్దు

పరీక్ష రుసుము చెల్లించడానికి అది చివరి రోజు. కొల్లాపూర్‌లోని ఒక ఇంటర్నెట్ కేంద్రంలో మా విద్యార్థి ఒకడు కంప్యూటర్ ఎదుట కూర్చుని, ‘చెల్లించు’ అనే బటన్ నొక్కాడు. తెరపై చక్రం తిరుగుతూనే ఉన్నది. ఒక నిమిషం గడిచాక ‘సమయం ముగిసింది’ అనే సందేశం కనిపించింది. సొమ్ము చేరలేదని భావించి అతడు మళ్ళీ నొక్కాడు. మరునాడు చూస్తే తండ్రి ఖాతా నుండి రుసుము రెండుసార్లు పోయింది. మామిడికాయలు అమ్మి ఆ తండ్రి దాచుకున్న సొమ్ము అది. ‘సమయం ముగిసింది’ అన్న మాటకు ‘పని జరగలేదు’ అని ఆ విద్యార్థి అర్థం చెప్పుకున్నాడు. ఆ రెండింటి మధ్య ఎంతో అంతరం ఉన్నది.

అసంఖ్యాకమైన వివరాలను క్రమపద్ధతిలో భద్రపరచే వ్యవస్థను డేటాబేస్ అంటారు. సమాచారాన్ని పట్టికల రూపంలో అమర్చే విధానాన్ని 1970లో ఐ.బి.ఎం. సంస్థలోని ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించాడు. నేటి అనేక డేటాబేస్‌లకు ఆ భావనే పునాది. డేటాబేస్‌ను మనం అడిగే ప్రశ్నకు ‘క్వెరీ’ అని పేరు.

క్వెరీకి జవాబు ఎందుకు ఆలస్యమవుతుంది? జటప్రోలు సంస్థానానికి తరువాతి కాలంలో కొల్లాపూర్ రాజధాని అయింది. ఆ సంస్థాన ప్రభువైన సురభి మాధవరాయలు ‘చంద్రికాపరిణయం’ అనే ప్రబంధాన్ని రచించాడు. అందులో ఒక పదం ఎక్కడెక్కడ ఉన్నదో చెప్పమంటే, పదసూచిక లేనివాడు మొదటి పద్యం నుండి చివరి పద్యం వరకు చదవవలసిందే. పదసూచిక ఉన్నవాడు వెంటనే చెప్పగలడు. డేటాబేస్‌లో అటువంటి సూచికను ‘ఇండెక్స్’ అంటారు. అది లేకపోవడం ఆలస్యానికి ఒక కారణం. ఒకరు మారుస్తున్న వివరాన్ని అదే సమయంలో మరొకరు మార్చకుండా వేసే తాళం రెండవ కారణం. చివరి రోజున ఒక్కసారిగా వచ్చిపడే రద్దీ మూడవది.

ఆలస్యమైనా వేచి ఉండవచ్చు కదా అని మీకు సందేహం కలుగవచ్చు. నడుస్తున్న ప్రతి క్వెరీ ఒక అనుసంధానాన్ని ఆక్రమించుకొని ఉంటుంది. అనుసంధానాల సంఖ్య పరిమితం. నెమ్మదిగా నడిచే క్వెరీలు వాటన్నింటినీ ఆక్రమిస్తే, క్షణంలో ముగిసే చిన్న పనులు కూడా వాకిట నిలిచిపోతాయి. అందుకే నిరీక్షణకు హద్దు విధిస్తారు. దానినే ‘టైమ్‌అవుట్’ అంటారు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో క్వెరీ నడిచే కాలానికి మనం హద్దు పెట్టకపోతే హద్దే ఉండదు. ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ మాత్రం వెనుకనున్న సర్వర్ జవాబు కోసం, మనం మార్చకపోతే, 60 సెకన్లే ఎదురుచూస్తుంది. చిక్కు ఇక్కడే ఉన్నది. బయట వేచి ఉన్నది మరలిపోయినా, లోపల పని కొనసాగుతూ ఉండవచ్చు. మన విద్యార్థి చూసిన సందేశం బయటిది. సొమ్ము తీసుకునే పని లోపల పూర్తయింది.

దీనిని నివారించే మార్గాలు ఉన్నాయి. మొదటిది, లోపలి గడువు బయటి గడువు కంటే తక్కువగా ఉండాలి. అప్పుడు డేటాబేస్ తానే ఆ పనిని ఆపి, సగంలో ఉన్న మార్పులను రద్దుచేసి, ఆ సంగతిని తెలుపుతుంది. అయితే బ్యాంకుకు వెళ్ళిన ఆదేశం ఈ విధంగా వెనక్కి రాదు. కనుక రెండవ మార్గంగా, ప్రతి చెల్లింపుకు ఒక ప్రత్యేక సంఖ్య ఇవ్వాలి. అదే సంఖ్యతో అభ్యర్థన మళ్ళీ వస్తే పాత ఫలితాన్నే చూపాలి గాని సొమ్ము మళ్ళీ తీసుకోరాదు. మూడవది, తిరిగి ప్రయత్నించే ప్రతిసారీ విరామాన్ని పెంచుతూ పోవాలి. వెంటవెంటనే తలుపు తడితే రద్దీ మరింత పెరుగుతుంది. నాలుగవది, పెద్ద నివేదికల వంటి దీర్ఘమైన పనులను విడిగా నడిపి, పూర్తయ్యాక కబురు చేయాలి. గడువును పొడిగించినంత మాత్రాన ఆలస్యం తీరదు. ఇండెక్స్ లేని క్వెరీకి గడువు పెంచితే రోగం దాగుతుందే గాని నయం కాదు.

విద్యార్థులారా! ‘సమయం ముగిసింది’ అనే సందేశం కనిపిస్తే, మళ్ళీ నొక్కకముందు చెల్లింపు స్థితిని, బ్యాంకు ఖాతాను పరిశీలించండి. రేపు మీలో కొందరు ఇటువంటి వ్యవస్థలను నిర్మిస్తారు. పని జరిగిందో లేదో యంత్రానికి తెలియనప్పుడు, తెలియదన్న సత్యాన్నే తెరపై చూపించండి. తెర ముందు కూర్చున్నవారికి అది కష్టార్జితమని మరువకండి.