బండి అమ్మారా? సి బుక్కులో పేరు మారిందా?

కూరగాయలు, పాలు తోలుకోవడానికి కొన్న పిక్‌అప్ బండిని ఏళ్ల తరబడి శ్రద్ధగా చూసుకున్న రైతులు కూడా, అమ్మేటప్పుడు రెండు చోట్ల దెబ్బ తింటున్నారు. ఒకటి ధర, రెండోది కాగితాలు. ధరలో పోయేది కొన్ని వేలే. కాగితాల్లో పోతే పొలం మీదికే రావచ్చు.

ముందు ధర సంగతి. బండి బాగుందని నోటితో చెబితే ఎవరూ నమ్మరు. ఆయిలు మార్పించిన బిల్లులు, టైర్లు, బ్యాటరీ కొన్న రశీదులు బేరగాడి ముందు పెట్టాలి. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు అతని ఎదుటే స్టార్టు చేయాలి. ఎరువుల బస్తాలు తోలిన బండికి తొట్టి అడుగున తుప్పు పడుతుంది. దానిమీద హడావుడిగా రంగు పూయిస్తే అనుమానమే పెరుగుతుంది. ఉన్న లోపం మనమే చెప్పి, ఆ మేరకు తగ్గించడం మేలు.

ఫైనాన్సు తీరిపోయినా సి బుక్కులో కంపెనీ పేరు అలాగే ఉంటుంది. వారి దగ్గర ఎన్.ఓ.సి., ఫారం 35 తీసుకొని ఆర్.టి.ఓ. ఆఫీసులో కొట్టేయించుకోవాలి. ఈ పని బేరానికి ముందే చూసుకోవాలి.

ఇక అసలు చిక్కు. 'మన ఊరివాడే గదా' అని తెల్లకాగితం మీద రాసుకొని, డబ్బు లెక్కపెట్టుకొని తాళాలు ఇచ్చేస్తుంటారు. ఆ బండి మరో ఇద్దరి చేతులు మారాక ఎవరినైనా గుద్దితే? పలువురి చేతులు మారిన ఒక కారు కేసులో, రిజిస్ట్రేషన్‌లో పేరున్న వ్యక్తే చట్టప్రకారం యజమాని, పరిహారం బాధ్యత ఆయనదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అప్పటికి బీమా కూడా లేకపోతే ఆ సొమ్ము ఎక్కడి నుంచి తేవాలి?

రాష్ట్రంలోనే అమ్మితే, అమ్మినవారు 14 రోజుల్లోగా ఫారం 29 ద్వారా తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లోగా ఫారం 30 ఇవ్వాలి. పక్క రాష్ట్రానికి పోయే బండికి ఫారం 28తో ఎన్.ఓ.సి. తీసుకోవాలి. బీమాను తన పేరిట మార్పించుకోవడానికి కొన్నవారికి 14 రోజుల గడువు ఉంది.

ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి బ్రోకరుకు ఇవ్వవద్దు. అతను ఎవరికి అమ్ముతాడో, ఎప్పుడు అమ్ముతాడో మనకు తెలియదు. కొనేవారినే వెంటబెట్టుకొని కాగితాలు దాఖలు చేశాకే తాళాలు ఇవ్వండి. బండి అప్పగించిన తేదీ, గంట రాయించి సంతకం తీసుకోండి. పేరు మారిన సి బుక్కు నకలు చేతికి వచ్చేదాకా ఆ కాగితాలు భద్రంగా ఉంచాలి.